మీ ఊరికి సరైన ఇంటర్నెట్ రావాలంటే ఎవరిని, ఏమని అడగాలి?

మొదటిసారి అర్జీ రాసినప్పుడు నేను ఒకే ఒక్క వాక్యం రాశాను: "మా ఊరికి ఇంటర్నెట్ సౌకర్యం కల్పించగలరు." కింద అరవై సంతకాలు. ఒక ఆఫీసులో ఇచ్చి, రసీదు జేబులో పెట్టుకుని, సగం పని అయిపోయిందనుకుని ఇంటికొచ్చాను. మూడు వారాలకు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: అర్జీ సంబంధిత శాఖకు పంపబడినది, పరిష్కరించబడినది. ఏ శాఖకు పంపారో, ఏం పరిష్కరించారో ఈ రోజుకీ తెలియదు.

కోపం తగ్గాక ఆలోచిస్తే తప్పులో నా వాటా కూడా ఉందనిపించింది. ఇంటర్నెట్ శాఖ అని ఎక్కడా లేదు. టవర్ ఒకరిది, తీగ ఒకరిది, స్తంభం ఇంకొకరిది, డబ్బు ఢిల్లీది. "ఇంటర్నెట్ కావాలి" అని రాస్తే ఆ కాగితం ఎవరి బల్ల మీదా ఆగదు. అడిగేది చిన్నదై ఉండాలి. దానికి జవాబు చెప్పాల్సిన కుర్చీ ఏదో మనకు ముందే తెలిసి ఉండాలి.

ముందు జబ్బేమిటో తేల్చండి

"మా ఊళ్లో నెట్ రాదు" అనే మాట వెనక వేరువేరు సంగతులుంటాయి. అసలు టవర్ సిగ్నలే అందకపోవడం ఒకటి. సిగ్నల్ నిండుగా కనిపిస్తూనే సాయంత్రం ఏడు దాటితే వీడియో గిర్రున తిరుగుతూ ఉండిపోవడం ఇంకొకటి. ఫైబర్ పంచాయతీ ఆఫీసు దాకా వచ్చి అక్కడే ఆగిపోవడం మరొకటి. ఇళ్లకు కూడా వచ్చి, వారానికి రెండుసార్లు తెగిపోవడం వేరే కథ. ఒక్కోదానికి అడగాల్సిన మనిషి మారిపోతాడు.

అందుకని మొదట పంచాయతీ ఆఫీసుకు వెళ్లండి. పంచాయతీలకు ఫైబర్ వేసే కేంద్ర పథకం, అంటే భారత్‌నెట్ తీగ వచ్చిన ఊరైతే అక్కడ ఒక పెట్టె, బ్యాటరీ, మోడెంలా కనిపించే చిన్న పరికరం ఉంటాయి. ఆ పరికరాన్ని ఓఎన్‌టీ అంటారు. దాని మీద లైట్లు చూడండి. ఏ లైటూ వెలగకపోతే కరెంటు సమస్య: ప్లగ్ పీకేసి ఉండవచ్చు, బ్యాటరీ చచ్చిపోయి ఉండవచ్చు. ఎల్‌ఓఎస్ అని రాసిన చోట ఎర్ర లైటు మిణుకుమంటుంటే తీగలో వెలుతురు రావడం లేదని అర్థం, అంటే దారిలో ఎక్కడో ఫైబర్ తెగింది. పీఓఎన్ దగ్గర ఆకుపచ్చ లైటు నిలకడగా వెలుగుతుంటే మండలం దాకా దారి బాగుంది, మరి ఇళ్లకు ఎందుకు రాలేదన్నదే మీ ప్రశ్న. తేదీ, టైము పడేలా ఫోటో తీసుకోండి. మా పంచాయతీలో ఆ పెట్టెకు తాళం వేసి ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ గుర్తులేదు. పెట్టె మీద పాత రిజిస్టర్లు మూరెడు ఎత్తున పేర్చి ఉన్నాయి. మొదటి వారం మా పోరాటమంతా తాళంచెవి కోసమే.

తర్వాత స్పీడ్ కొలవండి. ట్రాయ్, అంటే టెలికాం కంపెనీలను నియంత్రించే కేంద్ర సంస్థ వాళ్ల మైస్పీడ్ యాప్ ఫోన్‌లో వేసుకుని బడి దగ్గర, పంచాయతీ ఆఫీసు దగ్గర, కాలనీలో, ఊరి చివరి ఇంట్లో కొలవండి. పొద్దున ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి, వారం రోజులు. ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. ఇంట్లో ఫైబర్ ఉంటే వైఫై మీద కొలవొద్దు, ల్యాప్‌టాప్‌కు తీగ పెట్టి కొలవండి. లేకపోతే "మీ రూటర్ గోడ అవతల పెట్టుకున్నారు" అని తప్పు మీ మీదకే నెడతారు. 2023 జనవరి నుంచి మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే డౌన్‌లోడ్ స్పీడ్ కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలి. అంతకుముందు 512 కేబీపీఎస్ చాలనేవారు. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు పాఠాలు వింటుంటే ఆ 2 ఏ మూలకూ రాదు. అయినా మీ కొలత దానికంటే తక్కువగా ఉంటే అర్జీలో మొదటి లైన్ అదే కావాలి.

మొబైల్ సిగ్నల్ సమస్యయితే ఇంకో పని చేయండి. ట్రాయ్ 2024లో తెచ్చిన నాణ్యతా నిబంధనల ప్రకారం టెలికాం కంపెనీలు తమ సిగ్నల్ ఎక్కడెక్కడ అందుతుందో చూపే మ్యాపును వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందులో మీ ఊరు వెతకండి. మ్యాపులో రంగు పడి, మీ వాకిట్లో సిగ్నల్ లేకపోతే ఆ స్క్రీన్‌షాట్ మీ దగ్గరున్న కాగితాలన్నిటికంటే విలువైనది.

డబ్బు ఎవరిదో తెలిస్తే గొంతు మారుతుంది

చాలామంది ఊరి నెట్ అడిగేటప్పుడు చేతులు కట్టుకుని అడుగుతారు. అక్కర్లేదు. టెలికాం కంపెనీలు తమ ఏజీఆర్, అంటే లైసెన్సు ఫీజుకు లెక్కగట్టే ఆదాయంలో 5 శాతం పల్లెలకు సేవలందించే నిధికి కడుతూ వచ్చాయి. ఆ ఆదాయం మనం వేయించుకునే రీఛార్జుల్లోంచి వచ్చిందే. యూఎస్‌ఓ ఫండ్ అని పిలిచిన ఆ నిధికి 2003లో చట్టబద్ధత వచ్చింది, 2023 నాటి కొత్త టెలికాం చట్టంతో పేరు డిజిటల్ భారత్ నిధి అయింది.

పంచాయతీలన్నిటికీ ఫైబర్ వేయాలని కేంద్రం నిర్ణయించింది 2011 అక్టోబరులో. ఆ పథకమే తర్వాత భారత్‌నెట్ అయింది. మొదట వేసిన తీగ చాలాచోట్ల మండలం నుంచి ఊళ్ల మీదుగా ఒకే వరసలో పోతుంది. మధ్యలో ఒక పొక్లెయిన్ పన్ను తగిలితే దాని అవతలి ఊళ్లన్నీ ఒకేసారి చీకటి. అందుకే 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో సవరించిన పథకంలో తీగను రింగులా తిప్పాలన్నారు: ఒక వైపు తెగినా రెండో వైపు నుంచి నడుస్తుంది.

ఆ సవరణలోనే మనకు పనికొచ్చే ఇంకో ముక్క ఉంది. పంచాయతీ కేంద్రాలు కాని సుమారు 3.8 లక్షల గ్రామాలకు "డిమాండ్ మేరకు" ఫైబర్ ఇస్తామన్నారు. మీది శివారు గ్రామమో, తండానో, గూడెమో అయితే ఈ మాట గుర్తుపెట్టుకోండి. డిమాండ్ అంటే రచ్చబండ దగ్గర తిట్టుకోవడం కాదు, తేదీ వేసి ఇచ్చిన కాగితం. అది లేకపోతే మీ ఊరికి డిమాండ్ లేనట్టే లెక్క.

మన రెండు రాష్ట్రాల్లో దారి కొంచెం వేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ సంస్థ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగింది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా మొదలైనప్పుడు నెట్, టీవీ, ఫోన్ కలిపి నెలకు 149 రూపాయలన్నారు. ఇంటికి కనెక్షన్ ఇచ్చేది కేబుల్ ఆపరేటర్. తెలంగాణలో టీ-ఫైబర్ మిషన్ భగీరథ పైపుల కందకాల్లోనే తీగ వేసుకుంటూ వెళ్లింది. రెండుచోట్లా భారత్‌నెట్ రెండో దశ పని రాష్ట్ర సంస్థలదే. కాబట్టి మీ పంచాయతీకి తీగ ఏ దశలో వచ్చిందో ముందు అడగండి, ఎవరి దగ్గరికి వెళ్లాలో దాన్నిబట్టే తెలుస్తుంది.

కాగితం ఇలా తయారు చేయండి

ఒంటరిగా ఇచ్చిన అర్జీ కంటే గ్రామసభ తీర్మానం బరువెక్కువ. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 వంటి రోజుల్లో జరిగే సభకు వారం ముందే సర్పంచ్‌నూ పంచాయతీ కార్యదర్శినీ కలిసి, ఎజెండాలో ఈ అంశం పెట్టించండి. సభలో లేచి అడిగితే "చూద్దాం" అంటారు. ఎజెండాలో ఉంటే మినిట్స్‌లో రాయక తప్పదు. తీర్మానం భాష సాదాగా ఉంటే చాలు:

"మా గ్రామ పంచాయతీ పరిధిలోని ఇన్ని ఇళ్లలో ఇన్ని ఇళ్లవారు ఫైబర్ కనెక్షన్ తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. జాబితా జతచేశాము. పంచాయతీ ఆఫీసులోని ఓఎన్‌టీ ఫలానా తేదీ నుంచి పనిచేయడం లేదు. దానిని బాగుచేసి, బడికి, ఆరోగ్య ఉపకేంద్రానికి, అడిగిన ఇళ్లకు కనెక్షన్లు ఇవ్వవలసిందిగా తీర్మానించడమైనది."

జాబితాలో పేరు, ఇంటి నంబరు, సంతకం ఉంటే చాలు. ఆధార్ నంబర్లు రాయించకండి. ఆ కాగితం ఎన్ని చేతులు మారుతుందో మనకు తెలియదు. నెలకు ఎంతవరకు కట్టగలరో కూడా ఒక గడి పెట్టండి. ఆపరేటర్లు సంతకాల కంటే ముందు చూసేది ఆ అంకెనే. కోర్టు తీర్పులు రాయాలనిపిస్తే రెండు లైన్లు మించొద్దు: ఇంటర్నెట్ అందుబాటు విద్యా హక్కులో భాగమని 2019లో కేరళ హైకోర్టు, డిజిటల్ అందుబాటు జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాయి. రెండో తీర్పు వచ్చింది యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు వేసిన కేసుల్లో. మీ ఊళ్లో వేలిముద్ర, కంటి గుర్తింపు పడక తిప్పలు పడేవాళ్లుంటే వాళ్ల మాట తప్పకుండా రాయండి.

తీర్మానం నకలు నాలుగు తీయించండి. ఒకటి ఎంపీడీఓకు. ఒకటి సోమవారం కలెక్టరేట్‌లో, తెలంగాణలో అయితే ప్రజావాణిలో. ఒకటి నెట్‌వర్క్ నడిపే సంస్థ జిల్లా ఆఫీసుకు. నాలుగోది ఎంపీ ఆఫీసుకు. కేంద్ర పథకాలను జిల్లాలో సమీక్షించే దిశ కమిటీకి ఎంపీయే అధ్యక్షుడు. మహిళల భద్రత దిశ కాదు, ఇది వేరు. ఆ సమావేశం ఎజెండాలో మీ మండలం పేరు పడితే, మీరు ఆరునెలలు తిరిగినా కనిపించని అధికారి ఫైలుతో సహా వచ్చి కూర్చుంటాడు. ప్రతిచోటా రసీదు తీసుకోండి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపండి.

జవాబు రాకపోతే సమాచార హక్కు

నెల ఆగి ఆర్‌టీఐ వేయండి. కేంద్ర సంస్థలకు ఫీజు 10 రూపాయలు, ఆన్‌లైన్ పోర్టల్లో కట్టేయొచ్చు. మన రాష్ట్రాల ఆఫీసుల్లో అయితే గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలస్థాయిలో 5, ఆ పైన 10. తెల్లకార్డు ఉన్నవాళ్లు దాని నకలు పెడితే ఫీజే అక్కర్లేదని చాలామందికి తెలియదు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు "ఎందుకు" అని అడగడం. "మా ఊరికి ఎందుకు ఇవ్వలేదు?" అంటే అది సమాచారం కాదు, అభిప్రాయం అని తిప్పి పంపుతారు. రికార్డు అడగండి. నేను అడిగేవి ఇవి:

1. మా పంచాయతీ ఓఎన్‌టీని బిగించిన తేదీ, సేవ మొదలైనట్టు మీ రికార్డులో ఉన్న తేదీ.
2. గడచిన 12 నెలల్లో అది ఏయే తేదీల్లో ఎన్ని గంటలు ఆగిందో చూపే లాగ్ నకలు.
3. ప్రతి అంతరాయానికి నమోదైన కారణం, బాగుచేసిన తేదీ, నిర్వహణ కాంట్రాక్టరుకు వేసిన జరిమానా వివరాలు.
4. మా మండలంలో డిమాండ్ మేరకు కనెక్షన్ ఇవ్వాల్సిన గ్రామాల జాబితా నకలు.

మొత్తం 500 పదాల్లోపు ఉండాలి, నిజానికి పావు పేజీ చాలు. జవాబుకు గడువు 30 రోజులు. "ఇది మాది కాదు" అనే ఆఫీసు మీ దరఖాస్తును 5 రోజుల్లో సరైన ఆఫీసుకు పంపాలని చట్టంలోని 6(3) సెక్షన్ చెబుతోంది, కాబట్టి దరఖాస్తు చివర ఆ లైన్ కూడా రాయండి. జవాబు రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, అదీ తేలకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. చాలా పనులు మొదటి అప్పీలు దగ్గరే కదులుతాయి. అక్కడ జవాబు చెప్పాల్సింది అదే ఆఫీసులో పై అధికారి కదా, ఇంటి గొడవ బయటికి పోకూడదని చూసుకుంటాడు.

లాగ్ చేతికి వచ్చిన రోజు దాన్ని మీ నోటుపుస్తకం పక్కన పెట్టి చూడండి. కాగితం మీద "పనిచేస్తున్నది", అదే తేదీన మీ ఫోటోలో ఎర్ర లైటు. ఈ తేడానే మీ తర్వాతి అర్జీ. స్థానిక విలేకరికి చెప్పాల్సిన వార్త కూడా అదే.

మీ ఒక్కరి కనెక్షన్ సమస్యయితే

ఇది చిన్న దారి. కంపెనీకి ఫిర్యాదు చేసి డాకెట్ నంబర్, అంటే ఫిర్యాదు నమోదు నంబర్ తీసుకోండి. అది లేకుండా ఫోన్ పెట్టేయకండి. తేలకపోతే అదే కంపెనీ అప్పీలు అధికారికి రాయండి. ట్రాయ్ విడివిడి ఫిర్యాదులు తీసుకోదు, అక్కడ టైము వృథా చేసుకోవద్దు. తర్వాత కేంద్రం వారి ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో టెలికాం శాఖను ఎంచుకుని పెట్టండి, 21 రోజుల్లో తేల్చాలి. చివరిది జిల్లా వినియోగదారుల కమిషన్. టెలికాం కేసులు అక్కడ చెల్లవని ఎవరైనా అంటే, చెల్లుతాయని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చేసిందని చెప్పండి. మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు కూడా లేదు.

ఇంటింటికీ కనెక్షన్ భారమయ్యే ఊళ్లలో పీఎం-వాణి చూడండి. 2020 డిసెంబరులో ఆమోదించిన ఈ పద్ధతిలో కిరాణా కొట్టువాళ్లో టీకొట్టువాళ్లో లైసెన్సు, రిజిస్ట్రేషన్ ఫీజు ఏమీ లేకుండా వైఫై అమ్ముకోవచ్చు. ఇలాంటి కొట్లకు కంపెనీలు వ్యాపార కనెక్షన్ రేటు చెప్పి భయపెట్టేవి. 200 ఎంబీపీఎస్ వరకు ఇంటి ప్లాను రేటుకు రెట్టింపు మించి తీసుకోకూడదని 2025 జూన్‌లో ట్రాయ్ గీత గీసింది. కొట్టు పెట్టేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

తీగ వచ్చాక అందులో ఏం పారుతుందో కూడా చూసుకోవాలి

కాలువ తవ్వించుకుని తూము తాళం ఇంకొకరి చేతిలో పెట్టే రైతు ఉండడు. నెట్ విషయంలో మనం ఇంచుమించు ఆ పని చేయబోయాం. 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌కు వేరే రేటు ప్రకటించి, గోల కావడంతో వెనక్కి తగ్గింది. 2015 మార్చిలో ట్రాయ్ అభిప్రాయాలడిగితే కొద్ది వారాల్లో పది లక్షలకు పైగా ఈమెయిల్స్ వెళ్లాయి. ఆ ఏడాది చివర ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్ అని, తాము ఒప్పుకున్న కొన్ని సైట్లు మాత్రం పేదలకు ఉచితం అంది. ఉచితం అనేసరికి మనవాళ్లు కూడా చాలామంది ఊగారు, నేనూ ఊగాను. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ దానికి తెర దించింది: ఏ సైటు చూస్తున్నావో దాన్నిబట్టి డేటా రేటు మారకూడదు. తప్పితే రోజుకు 50 వేలు, గరిష్ఠంగా 50 లక్షల జరిమానా. 2018లో సైట్లను అడ్డుకోవడం, వాటి స్పీడ్ తగ్గించడం వంటివి కూడా కూడదని లైసెన్సు షరతుల్లో చేర్చారు.

మీరు గమనించాల్సిన తేడా ఇది. ప్యాకుతో పాటు ఒక సినిమా యాప్ చందా ఇస్తే తప్పు కాదు. ఆ యాప్ చూస్తే డేటా తరగదు, పక్క యాప్ చూస్తే తరుగుతుంది అంటే అది నిషేధించిన పని. అలాంటి ప్రకటన కనబడితే స్క్రీన్‌షాట్‌తో ట్రాయ్‌కు రాయండి. ఇది ఒకరి బిల్లు గొడవ కాదు, టారిఫ్ ఉల్లంఘన, కాబట్టి ఇక్కడ ట్రాయ్‌దే బాధ్యత. ఒక సైటు తెరుచుకోకపోతే ముందు ఇంకో కంపెనీ సిమ్‌తో, ఇంకో ఫోన్‌లో చూడండి. రెండిట్లోనూ రాకపోతే సైటే పడిపోయి ఉండవచ్చు, లేదా ప్రభుత్వమే ఆపి ఉండవచ్చు.

ఇప్పుడు కంపెనీలు అడుగుతున్నది వేరే. వీడియో, మెసేజ్ యాపుల వల్లే మా తీగలు నిండిపోతున్నాయి, వాళ్లు మాకు వాటా కట్టాలి అంటున్నాయి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ డేటాకు మనం ఒకసారి కట్టేశాం. పెద్ద కంపెనీలు ఆ వాటా కట్టి మన మీద వేస్తాయి. ముగ్గురు కుర్రాళ్లు గుంటూరులో గదిలో కూర్చుని నడిపే తెలుగు పాఠాల యాప్ ఎక్కడి నుంచి కడుతుంది?

ట్రాయ్ ఏదైనా కన్సల్టేషన్ పేపర్, అంటే జనం అభిప్రాయాలడిగే పత్రం వేసినప్పుడు మామూలుగా నాలుగు వారాల గడువు ఇస్తుంది. పేపర్ ఇంగ్లిష్‌లో, వంద పేజీలుంటుంది. భయపడక్కర్లేదు, చివర వరస నంబర్లతో ప్రశ్నలుంటాయి, వాటికి వెళ్లండి. డిగ్రీ చదివే పిల్లలిద్దర్ని కూర్చోబెట్టుకుంటే ఒక ఆదివారం పని. ప్రశ్న నంబరు వేసి, మీ ఊరి అనుభవం రెండు మూడు లైన్లలో రాయండి. ఫ్రీ బేసిక్స్ అప్పుడు ఒకే మూసలో లక్షల ఈమెయిల్స్ పంపిస్తే, మేము అడిగిన ప్రశ్నలకు వీటిలో జవాబు లేదని ట్రాయ్ ముఖం మీదే చెప్పింది. ఇంకో జాగ్రత్త: మీరు పంపింది వాళ్ల వెబ్‌సైట్‌లో అందరికీ కనబడుతుంది. 2015లో పది లక్షల మంది ఈమెయిల్ అడ్రసులతో సహా పెట్టేశారు. ఫోన్ నంబరు, ఇంటి చిరునామా లేఖలో రాయకండి.

నెట్ ఆపేసిన రోజున

2022 మే నెలలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో నెట్ ఆపినప్పుడు, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ వెతుక్కుంటూ గోదావరి గట్టుకు చేరారు. అలాంటప్పుడు అడగాల్సింది ఒక్కటే: ఆర్డర్ కాపీ. నిరవధికంగా ఆపడం చెల్లదు, ఆదేశాలు ప్రచురించాలి అని 2020 జనవరి 10న అనురాధ భసీన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 నాటి నిబంధనల ప్రకారం ఒక ఆదేశం 15 రోజులు మించకూడదు, సమీక్ష కమిటీ 5 రోజుల్లో కూర్చోవాలి. ఆర్డర్ బయట పెట్టకపోతే రాష్ట్ర హోం శాఖకు ఆర్‌టీఐ వేయండి. నెట్ లేకపోయినా పోస్టాఫీసు ఉంటుంది.

ఒక చివరి సంగతి. మా ఊరికి తీగ వచ్చిన రెండో నెలలోనే డ్రైనేజీ పనికి వచ్చిన జేసీబీ దాన్ని తెంపేసింది. అప్పటి నుంచి పంచాయతీ గోడ మీద ఫైబర్ బాగుచేసే వ్యక్తి ఫోన్ నంబరు ఎర్ర పెయింటుతో రాయించాం. తవ్వే ముందు తీగ ఎవరిదో తెలుసుకోవడానికి 2023లో కేంద్రం కాల్ బిఫోర్ యు డిగ్ అనే యాప్ తెచ్చింది, కాంట్రాక్టర్లకు అది చూపించండి. ఊళ్లోకి జేసీబీ వస్తే మాత్రం యాప్‌ను నమ్ముకుని కూర్చోకుండా, ఎవరో ఒకరు వెళ్లి డ్రైవరుకు టీ ఇప్పించి, తీగ ఎటు పోతుందో చేత్తో చూపించి రండి.